కొత్త పుంజు, పాత గూడు

సంక్రాంతి పుంజు గురించి మా గోదావరి జిల్లాల్లో ఎవరినడిగినా గంటసేపు చెబుతారు. డేగా, నెమలా, కాకా అంటూ రంగులు, ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రం, చోళ్లు, గంట్లు, బాదం పప్పు, కైమా. దాని తల్లి ఏ పెట్ట అని అడగండి, సగం మంది తల గోక్కుంటారు. పందేలు నాకు గిట్టవు, చట్టమూ ఒప్పుకోదు. కానీ ఆ పిచ్చి లేకపోతే అసీల్ అనే పందెం కోళ్ల జాతి ఈపాటికి మన పెరళ్లలో మిగిలేది కాదేమోనన్న అనుమానమూ ఉంది. ఆ జాతిని నమ్ముకున్న పాతకాలపు పెంపకందార్లు పుంజును అమ్ముతారు గానీ, మంచి పెట్టను గడప దాటనివ్వరు. పిల్ల ఒడ్డూ పొడుగూ, పౌరుషం సగం తల్లి నుంచే వస్తాయని వాళ్లకు తెలుసు.

ఒకే పుంజును ఏళ్ల తరబడి దాని కూతుళ్ల మీదే వదిలితే గుడ్లు సరిగా పొదగవు, పొదిగినా పిల్లలు నీరసంగా పుడతాయి. అందుకే ఎనిమిది, పది పెట్టలకో పుంజు చొప్పున ఉంచి, రెండేళ్లకోసారి పొరుగూరి పుంజును తేవాలి. వనరాజా, గ్రామప్రియ పిల్లలు తెచ్చుకోవచ్చు కదా అంటారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పరిశోధన సంస్థ పెరటి కోసమే తయారుచేసిన మంచి కోళ్లవి, గుడ్లు బాగా పెడతాయి. అయితే పొదగడానికి కూర్చోవు, వాటి పిల్లలకు అవే గుణాలు నికరంగా రావు. పొదిగించడానికి మళ్లీ నాటు పెట్టే దిక్కు.

చిక్కంతా ఆ పొరుగూరి పుంజుతోనే. కొత్త రక్తం వచ్చే దారినే కొక్కెర తెగులూ వస్తుంది. సంతలో నిగనిగలాడుతూ కూసిన పుంజు, ఇంటికొచ్చిన నాలుగైదు రోజులకు ముక్కు తెరిచి ఎగశ్వాస పడుతుంది. ఆకుపచ్చ, తెలుపు కలిసిన రెట్ట వేస్తుంది, మెడ మెలితిరుగుతుంది. అప్పటికి గూడంతా అంటుకునే ఉంటుంది. వచ్చాక దీనికి మందు లేదు. ఆ సమయంలో మనవాళ్లు చేసే పని మాత్రం నన్ను మండిస్తుంది. కునికిపాట్లు పడుతున్న కోడిని చచ్చేలోపు అమ్మేద్దామని అదే సంతకు పట్టుకెళతారు. చచ్చినదాన్ని కాలవలో పారేస్తారు. రోగాన్ని పక్క ఊరికి పంపడానికి ఇంతకంటే సులువైన మార్గం లేదు. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చడానికి ఎంతసేపు పడుతుంది?

కొత్త కోడిని పెరట్లో ఒక మూల, గూటికి దూరంగా, మూడు వారాలు విడిగా ఉంచండి. మేతా నీళ్లూ వేరే. ముందు మన కోళ్ల పని చూసుకుని ఆఖర్న దాని దగ్గరకెళ్లాలి, చేతులూ కాళ్లూ కడుక్కోవాలి. ఈ జాగ్రత్త కొక్కెర తెగులుకే కాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు వేలాది కోళ్లు పోయాయి. ఫారం గేటు దగ్గర చెప్పులు ముంచే మందునీళ్ల తొట్టి అయినా ఉంటుంది, మన పెరటికి అదీ లేదు.

ఇక కొక్కెర తెగులుకు టీకా. పిల్లకు వారం లోపే లసోటా చుక్క కంట్లోనో ముక్కులోనో, నాలుగో వారంలో మరోసారి. ఎనిమిదో వారంలో ఆర్2బి సూది. 1940ల్లో కుమావూ కొండల్లోని ముక్తేశ్వర్‌లో తయారైన ఆ టీకా ఇప్పటికీ మనకు పెద్ద దిక్కు. అది ఘాటైనది కాబట్టి చిన్న పిల్లలకు వేయకూడదు. పెద్ద కోళ్లకు ఆరు నెలలకోసారి మళ్లీ వేయించాలి. ఇంతా చేస్తే అడ్డం పడేది సీసా! ఒక్కో సీసాలో వంద కోళ్లకో, ఇంకా ఎక్కువకో సరిపడా మందు ఉంటుంది. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, చల్లదనం తప్పితే పనికిరాదు. పది కోళ్లున్న ఇల్లు దానికోసం పశువైద్యశాల దాకా వెళ్లదు, ఎదురింటివాళ్లూ వెళ్లరు. వేసవి మొదలయ్యేసరికి వీధి మొత్తం ఖాళీ అవుతుంది.

కాబట్టి ఈసారి మాఘమాసం దాటకముందే మీ వీధిలో కోళ్లున్న ఇళ్లను కలుపుకోండి. ఐసు ముక్కలు వేసిన డబ్బా పట్టుకుని ఒకరు వెళ్లి సీసా తెస్తే, కోళ్లు గూటికి చేరే సాయంత్రం వేళ అందరి కోళ్లకూ ఒకేసారి వేయించవచ్చు.