క్షమకూ రాజీకీ నడుమ

రామచంద్రపురం చుట్టుపక్కల చాలా సంఘాల్లో నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద రొట్టె, చిన్నచిన్న గ్లాసులు పేర్చిన పళ్ళెం. పాస్టరుగారు కొరింథీ పత్రిక చదివి, ఎవరి మీదైనా కోపం ఉంచుకుని ఈ బల్ల దగ్గరికి రావద్దంటారు. అందరూ కళ్ళు మూసుకుంటారు, ఆపైన పళ్ళెం వరసల వెంట కదులుతుంది. గట్టు తగాదాతో ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నదమ్ములు కూడా ఆ పళ్ళెంలోంచే చెరో గ్లాసు తీసుకుని, బయటికొచ్చాక చెరో దారి పడతారు. వాళ్ళను వేషధారులనడం తేలిక. నేననను. క్షమించండని ప్రతి వారం చెబుతున్నాం. ఏం చేస్తే క్షమించినట్టో, ఏం చేయకపోయినా క్షమించినట్టేనో మాత్రం చెప్పడం లేదు. ఆ చెప్పని చోటే పెద్దమనుషుల రాజీ వచ్చి క్షమ కుర్చీలో కూర్చుంది.

మత్తయి సువార్త 18వ అధ్యాయంలో పేతురు ఎన్నిసార్లు క్షమించాలని అడిగితే, యేసు జవాబుగా ఒక బాకీ కథ చెబుతాడు. రాజుకు ఒక దాసుడు పదివేల తలాంతులు బాకీ. ఆ దాసుడికి తోటి దాసుడు బాకీపడ్డది నూరు దేనారాలు. దేనారం అంటే ఆనాటి కూలివాడి ఒక రోజు కూలి. తలాంతు సుమారు 6,000 దేనారాలు. మొదటి బాకీ 6 కోట్ల రోజుల కూలి, ఏ జన్మకూ తీరనిది. మన ప్రసంగాల్లో ఈ అంకె బాగా పలుకుతుంది కానీ రెండోదాన్ని 'చిల్లర బాకీ' అని దాటేస్తారు. నాట్లూ కోతలూ అయిపోతే పని కోసం ఎదురుచూసే కూలివాడికి వంద రోజుల కూలి చిల్లరా? కథ దాన్ని చిల్లర అనలేదు, అసలు లేదని అంతకన్నా అనలేదు. రాజు కూడా ముందు లెక్క చూశాడు, ఎంతో తేల్చాడు, ఆ తర్వాతే వదిలేశాడు. లెక్క చూడకుండా వదిలేస్తే ఏం వదిలామో ఇద్దరికీ తెలియదు. నా వాదన ఇంతే: జరిగిన అన్యాయాన్ని అన్యాయమని పేరుపెట్టి చెప్పి, దానికి ప్రతీకారం నా చేత్తో తీర్చుకోనని మానుకోవడం క్షమ. ఋణశేషం, శత్రుశేషం, అగ్నిశేషం మిగల్చకూడదని మన పెద్దల మాట. శత్రుశేషం లేకుండా చేయడానికి శత్రువును లేకుండా చేయడం ఒక దారి, మనలోని శత్రుత్వాన్ని తీర్చేసుకోవడం ఇంకో దారి. సువార్త రెండోది పట్టుకుంది. మిగిల్చి దాచుకోవడం ప్రమాదమన్న దగ్గర మాత్రం పెద్దలదీ సువార్తదీ ఒకే మాట.

రాజీ పని వేరు. దానికి లెక్క అక్కర్లేదు, గొడవ అణిగితే చాలు. అరుగు మీద ఇద్దరి చేతులూ కలిపించి, 'ఇంతటితో వదిలేయండి' అంటారు. వదులుకునేది ఎప్పుడూ కింద ఉన్నవాడే. 1996 డిసెంబరు 29న రామచంద్రపురం మండలం వెంకటాయపాలెంలో దళిత యువకులను హింసించి, ఇద్దరికి గుండు కొట్టించారు. ఆ కేసులో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితులను దోషులుగా తేల్చి 18 నెలల జైలుశిక్ష వేసింది 2024 ఏప్రిల్ 16న, అంటే 27 ఏళ్ళు దాటాక. బాధితుల మతం ఇక్కడ ప్రశ్న కాదు. అయితే ఈ తాలూకాలో క్షమ గురించి ఎవరు ప్రసంగించినా ఈ కేసు తెలిసిన చెవులే వింటాయి. అన్నేళ్ళు కోర్టుల చుట్టూ తిరగడం పగ అనీ, ముందే రాజీపడితే క్షమ అనీ చెప్పే బోధకు ఇక్కడ ఎవరి ముఖం చూసి మాట్లాడే ధైర్యం ఉంటుందో నాకు తెలియదు.

మరి కోర్టుకెక్కుతూ క్షమించడం కుదిరే పనేనా? కుదిరింది, మన పొరుగు రాష్ట్రంలోనే. కెనడా బాప్టిస్టు మిషన్ వాళ్ళు రామచంద్రపురంలో కుష్ఠు రోగుల ఆశ్రమం నడిపినట్టే ఒడిశాలోని బారిపదలో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన గ్రాహం స్టెయిన్స్ నడిపేవాడు. 1999 జనవరిలో మనోహర్‌పూర్‌లో బండిలో నిద్రిస్తున్న ఆయననూ, ఇద్దరు కొడుకులు ఫిలిప్, తిమోతిలనూ తగలబెట్టారు. భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానని బహిరంగంగా చెప్పింది. చెప్పి వెంటనే వెళ్ళిపోలేదు, ఆ రోగుల మధ్యే ఏళ్ళపాటు పని చేసింది. చట్టం దాని దారిన అది నడిచింది: 2003లో ప్రధాన నిందితుడికి ఉరిశిక్ష, 2005లో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు యావజ్జీవాన్నే ఖాయం చేసింది. ఆమె క్షమ నేరస్థుడిని జైలు నుంచి తప్పించలేదు. నేరస్థుడిని శిక్షించడం రాజ్యం పని. హంతకుడి ముఖం రోజూ తలపుల్లో మోయడమా మానడమా అన్నది ఆమె చేతిలో పని.

అవతలివాడు పశ్చాత్తాపపడకపోతే ఎందుకు క్షమించాలనేది గట్టి అభ్యంతరం. లూకా 17లో యేసే తప్పు చేసినవాడిని గద్దించమనీ, మారుమనస్సు పొందితే క్షమించమనీ అన్నాడు కదా! నిజమే. మళ్ళీ కలిసిపోవడానికి అవతలివాడు కావాలి. వాడు తప్పొప్పుకోకుండా పాత చుట్టరికం తిరిగి రాదు, రానక్కర్లేదు. పగ దించుకోవడానికి వాడి అనుమతి అవసరం లేదు. తాగి కొట్టే మొగుడి దగ్గరికి 'క్షమించి కాపురానికి వెళ్ళమ్మా' అని ఆడపిల్లను పంపించే సంఘ పెద్దలు ఈ రెంటినీ కలిపేస్తున్నారు. ఆమె పుట్టింట్లో ఉండి, పోలీసు కేసు పెట్టి, అతని చావు కోరకుండా ప్రార్థన చేసుకుంటే అది క్షమే. తిరిగి వెళ్ళి దెబ్బలు తినడం క్షమ కిందికి రాదు.

ఇంకొకటి: నోటితో క్షమించాను, లోపల ఇంకా మండుతోంది, మరి నేను అబద్ధికుడినా అని కుమిలేవాళ్ళుంటారు. తల్లిని హత్యలో పోగొట్టుకున్న అమెరికా మానసిక శాస్త్రవేత్త ఎవరెట్ వర్తింగ్‌టన్ నిర్ణయంగా క్షమించడం వేరు, మనసు క్షమించడం వేరు అని విడదీశాడు. మొదటిది ఒక రోజున జరుగుతుంది, రెండోది తన టైము తీసుకుంటుంది. ఎన్నిసార్లని అడిగిన పేతురుతో యేసు అన్న 'డెబ్బై ఏళ్ళమారులు' (డెబ్బై ఏడులసార్లు) అనే మాటను నేను ఇలాగే చదువుతాను: కొత్త తప్పులకే కాదు, ఒకే పాత తప్పు గుర్తొచ్చిన ప్రతిసారీ. పెళ్ళిలో ఎదురుపడినప్పుడు ఒకసారి, గట్టు మీద వాడి మేకులు కనిపించినప్పుడు మరోసారి. మంట మళ్ళీ లేచిందంటే మొదటి నిర్ణయం దొంగదని కాదు.

పాస్టర్లకూ సంఘ పెద్దలకూ ఒక మనవి. ప్రభువు బల్లకు ముందు మత్తయి 5వ అధ్యాయంలో బలిపీఠం మాట తప్పక చదువుతారు కదా, అక్కడ అర్పణ వదిలిపెట్టి లేచి వెళ్ళాల్సింది ఎవరో ఈసారి నిదానంగా చూడండి. ఎవరి మీద సహోదరుడికి ఫిర్యాదు ఉందో, వాడు. దెబ్బ తిన్నవాడిని కాదు, కొట్టినవాడిని ముందు లేపుతోంది ఆ వాక్యం. వచ్చే మొదటి ఆదివారం బాధితుల ఇళ్ళకు వెళ్ళి సర్దుకుపొమ్మని చెప్పేముందు, గట్టు జరిపినవాడి ఇంటికీ, చెయ్యి చేసుకున్నవాడి ఇంటికీ వెళ్ళిరండి.