గురకకు ముక్కు చికిత్స: ఒక విమర్శ

పులికాటు సరస్సు సముద్రముతో కలియు ముఖద్వారములు ఇసుక మేటతో పూడుకొనిపోవుట నెల్లూరు తీరవాసులు చిరకాలముగా ఎరిగినదే. ద్వారము తెరచిన మేలే. కాని లోపలి కాలువ పూడియున్నచో పడవ సాగదు. బిగ్గరగా గురకపెట్టువారి ముక్కునకు చేయు చికిత్సలను గూర్చియు ఇట్లే విచారింపవలెను.

నిద్రలో కండరములు సడలును. కొందరిలో నాలుక మొదలును, మెత్తని అంగిలియు వెనుకకు ఒరిగి గొంతు మూసికొనును. పది సెకండ్లో, అంతకు మించియో గాలి ఆడదు. రక్తములో ప్రాణవాయువు తగ్గును. మెదడు ఉలికిపడి నిద్ర చెదరగొట్టును. రాత్రి పలుమార్లు ఇట్లు జరుగుటచే పగలు కునికిపాట్లు వచ్చును. ఇదియే స్లీప్ ఆప్నియా.

ముక్కు ద్వారా దీనికి చికిత్స చేయవచ్చునని 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సల్లివాన్ సహచరులతో కలిసి 'లాన్సెట్' పత్రికలో ప్రకటించెను. 4.5 మొదలు 10 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానమైన ఒత్తిడితో ముక్కులోనికి ఎడతెగక గాలి పంపగా గొంతు మూతపడలేదు. ఇచట ముక్కు దారి మాత్రమే. గొంతు గోడలను నిలిపినది గాలి ఒత్తిడి. భావన సరళము, ఫలితము స్పష్టము. కాని పరీక్షింపబడినవారు ఐదుగురే.

2016లో వెలువడిన 'సేవ్' పరిశోధనలో గుండె లేక మెదడు రక్తనాళముల వ్యాధి కూడ గల 2,717 మంది పాల్గొనిరి. ఈ గాలి పరికరము వాడినవారికి పగటి మగత తగ్గెను. గుండెపోటు, పక్షవాతము వంటివి మాత్రము తగ్గినట్లు తేలలేదు. అయితే వారు పరికరమును ధరించినది రాత్రికి సగటున 3.3 గంటలే. లోపము చికిత్సదా, చాలని వాడుకదా? ఈ ప్రశ్నకు ఆ పరిశోధన తుది సమాధానము కాజాలదు.

ఇక ముక్కు చుక్కలు, పట్టీలు, ముక్కు శస్త్రచికిత్స. ఇవి ముక్కు దిబ్బడను తగ్గించి, గాలి తొడుగు ధరించుటను సుకరము చేయగలవు. గురకయు కొంత తగ్గవచ్చును. కాని చాలమందిలో వీనితోనే గొంతు మూతపడుట మానదు. చప్పుడు తగ్గినంతనే వ్యాధి తగ్గినదనుకొనుట పొరపాటు. నిద్రలో ఊపిరిని, ప్రాణవాయువును కొలిచి చూచుటయే సరియైన పరీక్ష.

పిల్లలలో తరచు కారణము ఉబ్బిన టాన్సిల్స్, ఎడినాయిడ్స్. కావున తరగతిలో కునికే బాలుని, రాత్రివేళ రొయ్యల లారీ నడుపుచు తూగే డ్రైవరును సోమరులని నిందింపకముందు, నిద్రలో వారి ఊపిరి ఆగుచున్నదా అని ఇంటివారిని అడుగుట మేలు. ఆ ఒక్క ప్రశ్న ప్రాణము నిలుపవచ్చును.