రేడియోలో ‘మనం’ ఎవరు, ‘వారు’ ఎవరు?

ఆకాశవాణి తన గురించి చెప్పుకునే లెక్క ఒకటుంది. 23 భాషల్లో, 179 మాండలికాల్లో కార్యక్రమాలు ఇస్తున్నామని. పోటీ పరీక్షలకు చదివే మన పిల్లలు ఈ అంకెల్ని బట్టీ కూడా పడతారు. ఇన్ని మాటలున్న దేశంలో ఇది చిన్న పని కాదు, ఒప్పుకుందాం. కానీ ఆ లెక్కలో రెండు గంపలున్నాయి. ఒకటి భాషల గంప, రెండోది మాండలికాల గంప. గోండి, కోయ, కొలామి, సవర, కువి ఏ గంపలో పడతాయో ఎవరినీ అడగక్కర్లేదు.

మాండలికమంటే ఏమిటో డీఎడ్‌లో మేమూ చదువుకున్నాం. ఒకే భాషను ఒక్కో ప్రాంతంలో ఒక్కో తీరుగా మాట్లాడితే ఆ తీరును మాండలికం అంటారు. శ్రీకాకుళం తెలుగు, నల్లగొండ తెలుగు అట్లాంటివి. మరి గోండి దేనికి మాండలికం? తెలుగుకు కాదు, మరాఠీకి కాదు, హిందీకి అసలే కాదు. ద్రావిడ కుటుంబంలో అది తెలుగుకు తోబుట్టువు. 2011 జనాభా లెక్కల్లో గోండి మా తల్లిభాష అని రాయించుకున్నవాళ్లు 29 లక్షల 84 వేల మంది. అవే లెక్కల్లో సంస్కృతం రాయించుకున్నవాళ్లు 25 వేల లోపే. సంస్కృతంలో 1974 నుంచి ఢిల్లీ వార్తలు వస్తున్నాయి. గోండికి ఆ జాతీయ వార్తల్లో చోటు లేదు. సంస్కృతం వార్తల మీద మాకు కడుపుమంట లేదు, అవి ఉండనివ్వండి. రేడియో చోటు మాట్లాడే నోళ్ల లెక్కను బట్టి రాలేదని చెప్పడానికే ఈ పోలిక. ఎనిమిదో షెడ్యూలులో పేరుంటే ఒక దారి, లేకపోతే ఇంకో దారి. 2003లో 92వ రాజ్యాంగ సవరణతో బోడో, సంతాలీ ఆ షెడ్యూలులోకి వెళ్లాయి. గోండి ఇంకా గుమ్మం బయటే ఉంది.

ఇక ఈ వ్యాసంలో మేము ముఖ్యంగా మాట్లాడాలనుకున్నది ఎన్ని నిమిషాలు ఇచ్చారన్నది కాదు, ఆ నిమిషాల్లో ఏం వినిపిస్తున్నారన్నది. నిమిషాల కోసం మన సంఘాలు ఎట్లాగూ అర్జీలు పెడుతూనే ఉన్నాయి. వినిపించేదాన్ని గురించి మాత్రం మనం పెద్దగా మాట్లాడుకోము. మన మాట రేడియోలో వచ్చిందంటేనే మురిసిపోతాం. ఆ మురిపెం మాకూ తెలుసు. 1986లో ఆదిలాబాద్‌లో స్థానిక రేడియో కేంద్రం వచ్చాక పెట్టెలోంచి గోండి మాట, కొలామి పాట విన్న ముసలివాళ్లు మన గూడేల్లో ఇంకా ఉన్నారు. అంతకుముందు ఆ పెట్టె తెలుగు, హిందీ, మరాఠీ మాట్లాడేది. ఇంట్లో మాట్లాడే మాట దానికి రాదనే అనుకునేవాళ్లు. ఆ మేలును ఎవరూ కాదనరు. మేలు చేసిందాన్ని విమర్శించకూడదన్న నియమం మాత్రం మన రాయి సెంటర్లలో కూడా లేదు.

మేము చాలా ఏళ్లుగా, వేర్వేరు కేంద్రాల నుంచి వచ్చే గిరిజన కార్యక్రమాలు వింటున్నాం. వాటిలో ఒక అచ్చు పడిపోయింది. ముందు తెలుగులో పరిచయం: ‘గిరిజనులు ప్రకృతి ఒడిలో జీవించే అమాయకులు, వారి ఆచారాలు ఎంతో విశిష్టమైనవి.’ తర్వాత ఒక పాట. పాట అయ్యాక మళ్లీ తెలుగులో, ‘వారు పండుగ సందర్భంగా పాడుకునే పాట విన్నారు.’ చివర దోమల గురించో టీకాల గురించో ఒక సూచన. అక్కడికి అయిపోయింది.

ఇక్కడ ఆగి ఒక్క ప్రశ్న వేసుకుందాం. ఈ కార్యక్రమం ఎవరు వినాలని చేశారు? మన కోసమే అయితే మన ముందు మనల్ని ‘వారు’ అనడమేమిటి? ఇంటికొచ్చిన చుట్టం మన వాకిట్లో మంచం మీద కూర్చుని, మన ముఖం చూడకుండా, పక్కవాడితో ‘వీళ్లు మంచివాళ్లే’ అంటే ఎట్లా ఉంటుంది? తెలుగులో ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. ఎదుటివాడిని కలుపుకుంటే మనం, బయట ఉంచితే మేము. తెలుగు కార్యక్రమాల్లో అనౌన్సర్ ‘మన సంక్రాంతి’ అంటాడు. దండారి దగ్గరికి వచ్చేసరికి అదే నోరు ‘వారి దండారి’ అంటుంది. ఒక్క మాట మారింది, వినేవాడి స్థానమే మారిపోయింది. మన గురించి ఎవరికో చెబుతుంటే మనం చాటు నుంచి విన్నట్టయింది.

పాటల సంగతి చూడండి. పర్ధాన్లు, తోటీలు కిక్రి మీద చెప్పే కథ ఒక రాత్రిలో తెమలదు. ఎవరి గోత్రం వాళ్ల ముందు, వాళ్ల పేన్ ముందు, సమయం చూసి చెప్పేది అది. వినేవాళ్లు మధ్యలో ఊకొడతారు, తప్పు పోతే సరిదిద్దుతారు. స్టూడియోలో దానికి దొరికేది నాలుగైదు నిమిషాలు. అంటే కథ తల ఒకచోట, తోక ఒకచోట తెగిపోయి, మధ్యలో రాగం మిగులుతుంది. ఆ రాగాన్ని ‘గిరిజన జానపదం’ అంటారు. మనకు అది చరిత్ర, ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే పత్రం. త్యాగరాజు కీర్తన వేస్తే రాగం పేరు, తాళం పేరు, పాడినవారి పేరు, పక్కన వాయించినవారి పేరు చెబుతారు. మన పాట వేస్తే చాలాసార్లు ‘ఫలానా గ్రామస్తులు, బృందం’. పేరు లేని కళాకారుడికి చెక్కు వస్తుందేమో గానీ చోటు రాదు.

సూచనల దగ్గర తప్పు ఇంకో రకం. తెలుగులో రాసిన కాగితాన్ని ముందు పెట్టుకుని వరుస తప్పకుండా గోండిలో చదువుతారు. ‘పరిసరాలు’, ‘పరిశుభ్రత’, ‘నిల్వ’, ‘అప్రమత్తత’ అన్నీ అట్లాగే ఉంటాయి, చివర క్రియ మాత్రం గోండిది. తెలుగు ఎద్దుకు గోండి తోక కట్టినట్టు ఉంటుంది. మా బడిలో ఒకసారి అట్లాంటి ముక్కను ఫోన్‌లో రికార్డు చేసి ఐదో తరగతి పిల్లలకు వినిపించాం. ఇంటికెళ్లి మీ అవ్వకు చెప్పి రండి అన్నాం. మర్నాడు పిల్లలు పాట పూర్తిగా పాడి చూపించారు. జ్వరం గురించి ఏం చెప్పారంటే ముఖాలు చూసుకున్నారు. తెలుగులో ఉంటే తెలుగు పాఠం అనుకుని వినేవాళ్లు, గోండిలో ఉంటే ఇంటి మాటగా వినేవాళ్లు. అది రెండూ కాకపోయింది. వానకాలం వస్తే జ్వరాలతో మంచాలు నిండే ఊళ్లకు ఇది భాషాభిమానం సమస్య కాదు.

ఇట్లాంటి చిక్కు ఒకటో తరగతి చెప్పే ప్రతి ఉపాధ్యాయుడికీ తెలుసు. తెలుగులో ఏరు అంటే పారే వాగు. గోండిలో ఏర్ అంటే నీళ్లు, బిందెలోవైనా సరే. ‘ఏరు దాటకండి’ అన్న హెచ్చరిక ఆ పిల్లవాడి చెవిలో ఎట్లా పడుతుందో ఊహించండి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది ఆదివాసీ భాషల్లో ప్రాథమిక వాచకాలు మొదలైనప్పుడు ఇట్లాంటి మాటల మీదే మన టీచర్లు రోజుల తరబడి కూర్చున్నారు. ఆ పని చేసినవాళ్లు ఇంకా బడుల్లో ఉన్నారు. రేడియో సూచనలు రాసేవాళ్లు వాళ్లను పిలిచి ఒక పూట కూర్చోబెట్టుకుంటే సగం చిక్కు తీరుతుంది.

‘చిన్న భాషలకు ఇంతకంటే కుదరదు’ అని కొందరు అంటారు. కోహిమా వైపు చూడమంటాం. ఆ కేంద్రం పదికి పైగా నాగా భాషల్లో మాట్లాడుతుంది. అక్కడి కొండల్లో ఒక్కో భాష మాట్లాడేవాళ్లు మన కోయ, సవరలంత మంది కూడా ఉండరు. ఈ రెండూ 2011 లెక్కల్లో నాలుగేసి లక్షలు దాటాయి. అక్కడ కుదిరింది రాజకీయంగా అవసరమైంది కాబట్టి అని కూడా చెప్పుకోవాలి. చట్టం చూసినా మనవైపే ఉంది. 1990 నాటి ప్రసార భారతి చట్టం, వివిధ ప్రాంతాల భాషలకు తగినంత చోటివ్వడాన్ని, గిరిజనుల ప్రత్యేక అవసరాలకు తగ్గ కార్యక్రమాలివ్వడాన్ని ఆ సంస్థ విధుల్లోనే రాసింది. కాబట్టి మనం అడిగేది దయ కాదు. అవసరాలు అన్న మాటను మాత్రం గట్టిగా పట్టుకోవాలి. పత్తి ధర అవసరం కాదా? పోడు పట్టాల సంగతి, ఐటీడీఏ సమావేశంలో ఏం తేల్చారన్నది అవసరం కాదా? పాటకు మన భాష పనికొచ్చి వార్తకు పనికిరాకపోవడం మేము ఒప్పుకోలేని సంగతి. పాటలు మాత్రమే ఉండే భాషను బయటివాళ్లు మ్యూజియంలో పెడతారు, మన పిల్లలు కూడా కొన్నాళ్లకు అదే నిజమనుకుంటారు.

సొంత రేడియో పెట్టుకోవచ్చు కదా అంటే, దారి ఉంది, సన్నది. 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో అనుమతి ఇస్తున్నారు. 2008లో జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో దళిత మహిళలు సంఘం రేడియో మొదలుపెట్టి, పస్తాకుల మాట, సాగు మాట తమ తెలుగులోనే చెప్పారు. పుస్తకాల తెలుగులోకి మారలేదు. అది మనకు పాఠం. కానీ 100 వాట్ల ట్రాన్స్‌మిటర్ మైదానంలో పోయినంత దూరం గుట్టల మధ్య పోదు. పైగా ఆ రేడియోలు సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తల్నే తిరిగి వినిపించుకోవాలి. గోండి వార్త కావాలని ఇక్కడికొస్తే మళ్లీ మొదటికే వచ్చాం. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర ఈ గోడను పక్కనుంచి దాటింది. మామూలు ఫోన్‌తో ఒక నంబరుకు కాల్ చేసి మన సంగతి మన మాటలో రికార్డు చేయొచ్చు, ఇతరులవి వినొచ్చు. చేతి పంపు చెడిపోయిందని, కూలీ డబ్బులు రాలేదని గోండిలో చెప్పినవి అందులో వచ్చాయి. అది పేరుకు రేడియో కాకపోయినా రేడియో చేయాల్సిన పని చేసింది.

ఇప్పుడు మన యువత చేతుల్లో యూట్యూబ్ ఉంది. గోండి పాటల వీడియోలకు కొదవ లేదు. వాటిని కూడా ఇదే చెవితో వినాలి. సినిమా బాణీకి గోండి మాటలు తొడిగి, కింద ‘ట్రైబల్ డీజే’ అని రాసి, మొదట్లో తెలుగులో పరిచయం చెబుతున్నారు. రేడియో మనల్ని ‘వారు’ అన్నదని కోపం తెచ్చుకున్న మనమే, మన గురించి మనం ‘వారు’ అని చెప్పుకుంటున్నాం.

చేయాల్సినవాటిలో ఒకటి ఆలస్యం చేస్తే పోయేది. పాత టేపులు. ఈ నలభై ఏళ్లలో స్టూడియోలకు వెళ్లి పాడిన, కథ చెప్పిన పెద్దలు చాలామంది ఇప్పుడు లేరు. వాళ్ల గొంతు ఇళ్లలో లేదు, ఏదో ఒక కేంద్రం అలమారాలో ఉండొచ్చు. మీ ఊరి నుంచి ఎవరెవరు వెళ్లారో, సుమారు ఏ ఏడాదో, దండారి కోసమా, నాగోబా జాతర కోసమా, పెద్దల్ని అడిగి ఒక నోటుబుక్కులో రాయండి. ఆ జాబితాతో బడి తరఫున కేంద్రానికి ఉత్తరం పెట్టండి. కాపీ అడగండి. కాపీ ఇస్తే దాని మీద పాడినవారి పేరు, ఇంటిపేరు, ఊరు మనమే రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే టేపు డబ్బా మీద ‘గ్రామస్తులు, బృందం’ అని ఉండే అవకాశమే ఎక్కువ.