లేఖకుడి కలం తాకని చోటు

రుద్రూర్, వర్ని, బోధన్ వైపు చాలా ఊళ్ల పేర్ల చివర 'క్యాంపు' అని వినిపిస్తుంది. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1931లో పూర్తయి, కాలువల్లో నీళ్లు పారాక, కోస్తా జిల్లాల రైతులు వచ్చి స్థిరపడ్డ చోట్లవి. ఇక్కడి బతుకమ్మ పాట ఒకదానిలో అలాంటి ఊరి పేరు వచ్చిందనుకుందాం. పాట 1931 తర్వాతిదే అని తేల్చేయవచ్చా? తొందరపడకూడదు. పాట ఎప్పటిదో అయి ఉండవచ్చు. మధ్యలో ఎవరో తమ ఊరి పేరు అందులో చేర్చి పాడి ఉండవచ్చు. తేదీ లేని రచనకు భాషను బట్టి కాలం కట్టేవాళ్లకు ఎదురయ్యే చిక్కంతా ఇదే.

హీబ్రూ బైబిలు విషయంలో ఈ చిక్కు మీద పెద్ద వాదమే నడిచింది. పరమగీతము, ప్రసంగి గ్రంథాలు సొలొమోను రాజువని సంప్రదాయం. అంటే క్రీస్తుపూర్వం 10వ శతాబ్దం. కానీ రెండింటిలోనూ తోటకు 'పర్దేస్' అన్న మాట ఉంది. అది ఇరాన్ వైపు నుంచి వచ్చిన మాట. బోధన్‌లో ఉర్దూ మాట్లాడేవాళ్లకు తెలిసిన 'ఫిర్దౌస్' దాని చుట్టమే. యూదులు పారసీకుల ఏలుబడిలోకి వచ్చింది క్రీస్తుపూర్వం 539లో కోరెషు బబులోనును గెలిచాకనే. ఆ ఏలుబడి నాటి సంగతులు చెప్పే నెహెమ్యా గ్రంథంలోనూ ఇదే మాట కనిపిస్తుంది. అయితే పరమగీతము, ప్రసంగి కూడా ఆ తర్వాతివేనా?

ఒక్క మాటతో తీర్పు చెప్పకూడదని అవి హుర్విట్జ్ అనే ఇజ్రాయెలీ పండితుడు గట్టి నియమాలు పెట్టాడు. అనుమానించిన మాట చివరి కాలపు గ్రంథాల్లోనే కనిపించాలి. అదే అర్థానికి పాత గ్రంథాల్లో వేరే మాట ఉండాలి. బైబిలుకు బయట, మృత సముద్రపు చుట్టల్లోనో అరామిక్ రాతల్లోనో, దానికి సాక్ష్యం దొరకాలి. పైగా అలాంటి మాటలు ఒకే రచనలో గుంపుగా ఉండాలి. ఉదాహరణకు, రాజ్యానికి పాత గ్రంథాల్లో 'మమ్లాఖా' ఎక్కువ; ఎస్తేరు, దినవృత్తాంతముల వంటి వాటిలో 'మల్ఖూత్' ఎక్కువ. 2008లో ఇయాన్ యంగ్, రాబర్ట్ రెజెట్కో, మార్టిన్ ఎహ్రెన్‌స్వార్డ్ అనే పండితులు ఈ పద్ధతికి ఎదురు చెప్పారు: పాతవి, చివరి కాలానివి అనుకునే శైలులు రెండూ ఒకే కాలంలో ఉండి ఉండవచ్చు, శతాబ్దాల పాటు నకలు రాసిన లేఖకులు భాషను మార్చి ఉండవచ్చు. ఈ అభ్యంతరం బలమైనదే. అయినా చేతులెత్తేయనక్కర్లేదని నా నమ్మకం. లేఖకుడు మార్చలేని చోటు రచనలో ఎక్కడుందో వెతకాలి. తెలుగు పద్యంలో అలాంటి చోటు ఉంది. అదే ప్రాస.

వృత్తాలు, కందం వంటి పద్యాల్లో పాదంలోని రెండో అక్షరం ప్రాస. నాలుగు పాదాల్లోనూ అక్కడ ఒకే హల్లు రావాలి. మనకు ఒకప్పుడు మామూలు 'ర', బండి 'ఱ' వేర్వేరు ధ్వనులు. 'నీరు'లోది మామూలు ర, 'ఆఱు'లోది బండి ఱ. ఏది ఎక్కడిదో తమిళాన్ని, పాత కన్నడాన్ని అడిగితే ఇప్పటికీ చెబుతాయి. నన్నయ, తిక్కనలు ఈ రెంటికీ ప్రాస కలపరు. తర్వాతి శతాబ్దాల్లో చెవికి తేడా పోయింది, కట్టు సడలింది. తాటాకు మీద లేఖకుడు ఱ బదులు ర గీస్తే గీయవచ్చు. ప్రాసలో ఏ మాట పక్కన ఏ మాట నిలిచిందో మార్చాలంటే మాత్రం పద్యాన్నే తిరగరాయాలి. అందుకే వర్ణక్రమం కన్నా ప్రాస నమ్మదగ్గ సాక్షి.

మరో జాగ్రత్త కూడా కావాలి. మన కవులు వందల ఏళ్లు నన్నయ బాటనే పట్టారు. 'క్రింద' జనం నోట 'కింద' అయినా, 'మ్రాను' 'మాను' అయినా, పద్యంలో పాత రూపమే నిలిచింది. కాబట్టి పాత మాటలున్నంత మాత్రాన కావ్యం పాతది కాదు. కవి పొరపాటున జారిన చోటే అతని కాలం బయటపడుతుంది. లేని చోట ఱ పెట్టేంత అతి జాగ్రత్త కూడా, ఆ తేడా అప్పటికే చెవికి అందడం లేదని చెబుతుంది.

శివకథ చెప్పే నన్నెచోడుడి కుమారసంభవం మీద జరిగిన రచ్చ ఇందుకు మంచి ఉదాహరణ. 1909లో మానవల్లి రామకృష్ణకవి దాన్ని అచ్చు వేయించి, నన్నయకు ముందుదని, 10వ శతాబ్దానిదని వాదించారు. ఎందరో ఖండించారు, ఇప్పుడు ఎక్కువమంది 12వ శతాబ్దం అంటారు. ఆ వాదంలో కావ్యభాషను రెండు పక్షాలూ సాక్షిగా పిలిచాయి.

పోల్చి చూడటానికి మానవల్లి నాటి చర్చలో లేని రాయి ఒకటి ఇప్పుడు ఉంది. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట మీద, సుమారు 945లో, కన్నడ కవి పంపడి తమ్ముడు జినవల్లభుడు సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో జైన శాసనం చెక్కించాడు. తెలుగులో మూడు కందపద్యాలున్నాయి. రాతి మీది పద్యానికి నకళ్ల బెడద లేదు, అందులో ప్రాసా ఉంది. మూడు పద్యాలతోనే తీర్పు చెప్పలేం. 848 నాటి అద్దంకి పండరంగడి శాసనాన్ని, బెజవాడ యుద్ధమల్లుడి శాసనాన్ని కూడా పక్కన పెట్టుకుని, కుమారసంభవంలోని ప్రాసలన్నీ ఒక్కొక్కటిగా వాటితో సరిచూడాలి.