వందనలో వెనక వరస: ముసలితనం, మనోవేదన, ధమ్మం

ముసలితనంలో దిగులు పోవాలంటే ధ్యానం చేయమని ఈ మధ్య అందరూ చెబుతున్నారు. డాక్టర్లు చెబుతున్నారు, పత్రికల ఆదివారం అనుబంధాలు చెబుతున్నాయి. ఆ ధ్యానం బుద్ధుడిదేనని కూడా అంటున్నారు. ఇటు మన ఉద్యమంలో ఇంకో మాట ఉంది: బౌద్ధమంటే కులనిర్మూలన, మనసు గొడవ పొట్ట నిండినోళ్ళది. ఈ రెండు మాటలూ పైకి ఎదురెదురుగా నిలబడ్డట్టు కనిపిస్తాయి. కానీ రెంటిలోనూ ముసలి దళితుల జాడ లేదు. మా విమర్శ రెంటి మీదా.

మొదటి మాట సంగతి చూద్దాం. 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ ధ్యానాన్ని ఆస్పత్రిలో నేర్పే ఎనిమిది వారాల కార్యక్రమంగా మలిచాడు. నొప్పితో బతికే రోగులకు అది పనికొచ్చింది, కాదనం. ఐతే ఆస్పత్రి గుమ్మం దాటడానికి ధ్యానం సంఘాన్ని బయటే వదిలి రావలసి వచ్చింది. ఫ్రాన్సులో 65 ఏళ్ళు దాటిన 137 మంది ఆరోగ్యవంతులతో 18 నెలలపాటు ఒక పరిశోధన చేశారు. ఒక గుంపుకి ధ్యానం, ఒక గుంపుకి ఇంగ్లీషు నేర్పారు, మూడో గుంపుకి ఏమీ నేర్పలేదు. 2022లో ఫలితాలు అచ్చయ్యాయి. మెదడులో వాళ్ళు వెతికిన మార్పు కనబడలేదు. ఏకాగ్రత, తోటివారితో మెలగటం, తనను తాను ఎరగటం కలిపి కొలిస్తే ఇంగ్లీషు నేర్చినవాళ్ళకంటే ధ్యానం చేసినవాళ్ళు కొంత మెరుగయ్యారు. అద్భుతమూ కాదు, మోసమూ కాదు. కానీ 18 నెలలు తీరిగ్గా వచ్చి కూర్చోగల ముసలితనం ఎవరిది? ఈ ప్రశ్న వేయకుండా ఆ ఫలితాన్ని మన వాడకు తేవడం కుదరదు.

ముసలివాళ్ళ దిగులు కొలవడానికి 1980ల మొదట్లో అమెరికాలో తయారైన 30 ప్రశ్నల కొలబద్ద ఒకటి ఉంది. అవును, కాదు అని జవాబు చెప్పాలి. బయటికి పోవటంకన్నా ఇంట్లో ఉండటమే ఇష్టమా అని ఆరా తీసే ప్రశ్న అందులో ఉంది. రెండు గ్లాసుల హోటల్ ముందు బతుకంతా నిలబడ్డ మనిషి "ఇల్లే నయం" అంటే అది జబ్బా, అనుభవమా? కులం గురించి ఆ కొలబద్ద అడగదు. కారంచేడు (1985), చుండూరు (1991) నాడు ముప్ఫై ఏళ్ళున్నవాళ్ళు ఇప్పుడు ముసలివాళ్ళు. చుండూరు కేసులో పడ్డ శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. ఆ తరం మనిషి రాత్రి నిద్రపట్టక లేచి కూర్చుంటే, కారణమంతా ఆ మనిషి తలలోనే వెతకటం అన్యాయం.

విపశ్యన శిబిరాల మాటా చెప్పుకోవాలి. 1976లో ఇగత్‌పురిలో కేంద్రం తెరిచి గోయెంకా పదిరోజుల శిబిరాల్ని దేశమంతటా విస్తరింపజేశారు. ఫీజు లేదు, కులం అడగరు. ఇది చిన్న సంగతి కాదు. కానీ పదిరోజులు మౌనంగా ఉండాలి. కూలికి పోయే ముసలామెకు పదిరోజుల కూలి పోతుంది. ఇంట్లో ఏడాది పొడుగునా పలకరించే దిక్కులేని మనిషికి ఇంకో పదిరోజుల మౌనం ఏమిస్తుంది? మౌనం మాటలు ఎక్కువైనవాళ్ళకు మందు. మాట కరువైనవాళ్ళకు కావలసింది మాట.

ఇప్పుడు మన మాట. అంబేద్కర్ రాసిన 'బుద్ధుడు-ఆయన ధమ్మం' ఆయన పోయాక 1957లో వచ్చింది. ముసలివాణ్ణీ, రోగినీ, శవాన్నీ చూసి సిద్ధార్థుడు ఇల్లు విడిచాడన్న కథని ఆయన ఉపోద్ఘాతంలోనే తోసిపుచ్చారు. 29 ఏళ్ళదాకా ఇవేవీ కంటపడకుండా ఉంటాయా అని ఆయన ప్రశ్న. రోహిణి నీళ్ళ కోసం శాక్యులకీ కోలియులకీ వచ్చిన తగాదాలో యుద్ధం వద్దన్నందుకే సిద్ధార్థుడు వెళ్ళిపోవలసి వచ్చిందని చెప్పారు. ఇది గొప్ప మలుపు. దుఃఖాన్ని ఒంటిలోంచి ఊరిలోకి తెచ్చి చూపించారు. కారంచేడు కూడా మంచినీళ్ళ చెరువు దగ్గరే మొదలైంది గదా.

ఐతే ఈ మలుపుని మనం సగమే చదివాం. ముసలితనం గృహత్యాగానికి కారణం కాదన్నారే గానీ, ముసలితనంలో బాధ లేదని అంబేద్కర్ అనలేదు. ఆ పుస్తకం రాసే రోజుల్లో మధుమేహం, కాళ్ళనొప్పులు, తగ్గిన చూపు ఆయన్ని పీడించాయి. 1956 అక్టోబర్ 14న దీక్ష తీసుకున్న మనిషి డిసెంబర్ 6కి లేడు. విరేచనాలతో పడివున్న భిక్షువుని బుద్ధుడు స్వయంగా కడిగి సేవ చేసిన కథకు ఆయన తన గ్రంథంలో చోటిచ్చారు. ఆ కథని మన సభల్లో ఎన్నిసార్లు చెప్పుకున్నాం?

పాళీ సాహిత్యంలో నకులపిత అనే ముసలి గృహస్థుడు బుద్ధుడి దగ్గరికొచ్చి ఒళ్ళు పాడైందని చెప్పుకుంటాడు. ఒంటికి జబ్బు చేసినా మనసుకి జబ్బు చేయకుండా చూసుకోమని బుద్ధుడి సలహా. 'థేరీగాథ'లో పదిమంది పిల్లల్ని కన్న సోణ ఉంది. ఉన్నదంతా పిల్లలకి పంచాక వాళ్ళు ఆమెని పట్టించుకోలేదని వ్యాఖ్యానం చెబుతుంది. ముసలితనంలో ఆమె భిక్షుణి అయ్యింది. నకులపితకు దొరికింది ఉపదేశం ఒక్కటే కాదు, చెప్పుకునే చోటు. సోణకు దొరికింది ధ్యానం ఒక్కటే కాదు, తోటి ఆడవాళ్ళు. పరిశోధకుల కొలతలో జారిపోయేది సరిగ్గా ఇదే.

శ్రీలంకలో పోయ దినాన ముసలివాళ్ళు తెల్లబట్టలు కట్టుకుని, అష్టశీలాలు తీసుకుని, పొద్దంతా విహారంలో కలిసి గడుపుతారు. మన దగ్గర? 2011 లెక్కల ప్రకారం దేశంలోని 84 లక్షల బౌద్ధుల్లో నూటికి 77 మంది మహారాష్ట్రలోనే ఉన్నారు. తెలుగు పల్లెల్లో బౌద్ధ కుటుంబాలు అక్కడొకటి, ఇక్కడొకటి. చదువుకున్న కొడుకు దీక్ష తీసుకుంటాడు, ఇంట్లో పటాలు తీసేస్తాడు. తల్లి ఈడువాళ్ళు కొందరు చర్చికి పోతారు, కొందరు పోచమ్మ దగ్గరికి పోతారు. ఆమె ఎక్కడికి పోవాలి? ఇరవై రెండు ప్రతిజ్ఞలు న్యాయమైనవి, వాటిలో ఒక్కటీ మేం వదులుకోం. కానీ పోచమ్మ బోనం ఆమెకి ఒక్క మొక్కే కాదు, నలుగురు ఆడవాళ్ళతో కలిసి నడిచే దారి. ఆ దారి మూసేసి, అర్థం తెలియని పాళీ వందన చేతికిచ్చి, వెనక వరసలో కూర్చోబెడితే అది దీక్ష కాదు, ఒంటరితనం. ఆదివారం వందన మన ఉపన్యాసాలతో నిండిపోతోంది. ముసలామెని మైకు దగ్గరికి పిలిచేది ఫొటో కోసమే.

కాబట్టి మేం కొన్ని పనులు ప్రతిపాదిస్తున్నాం. త్రిశరణ పంచశీలాల అర్థం ప్రతి వందనలో తెలుగులో చెప్పాలి. ఉపన్యాసానికి ముందు పెద్దవాళ్ళు మాట్లాడాలి, మనం వినాలి. రానివాళ్ళ ఇంటికి ఆ వారంలోనే ఎవరైనా పోవాలి. "నేను పోతే ఎవరు ఏం చేస్తారు" అనే భయానికి బౌద్ధ అంత్యక్రియల పద్ధతి ముందే వివరించి, మాట ఇవ్వాలి. వృద్ధాప్య పింఛనులో 60 నుంచి 79 ఏళ్ళవారికి కేంద్రం వాటా నెలకు 200 రూపాయలే. దాని మీద పోరాటం కూడా ధమ్మాచరణే. ఇంకోటి: తిండి మానేసి, నిద్రపోక, చచ్చిపోతానంటున్న మనిషికి వందన మందు కాదు. వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. 2022లో మొదలైన ప్రభుత్వ ఫోను సహాయం 14416 ఉంది, ఆ అంకె విహారం గోడ మీద రాయాలి.

మనసు ఒక్కటే బాగుపడితే చాలని చెప్పేవాళ్ళు కులాన్ని దాచిపెడుతున్నారు. కులం పోయాక మనసు దానంతటదే బాగుపడుతుందని చెప్పే మనం, అంతదాకా బతకనివాళ్ళని మర్చిపోతున్నాం. వాళ్ళకి అంత టైము లేదు. వచ్చే ఆదివారం వెనక వరసని ముందుకు పిలుద్దాం.