పాఠ్యప్రణాళికలో స్థానికత: కొల్లేటి 'కాంటూరు' ఆధారంగా ఒక పరిశీలన

బడి చదువును బడి బయటి జీవితంతో అనుసంధానించాలన్నది 2005 నాటి జాతీయ విద్యాప్రణాళికా చట్రం ప్రధాన సూత్రాలలో ఒకటి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో రూపొందించుకొన్న రాష్ట్ర విద్యాప్రణాళిక పరిధి పత్రం ఈ దృష్టినే అనుసరించింది. ఈ ఆశయంతో పేచీ లేదు. కాని రాష్ట్రమంతటికీ వాచకం ఒకటే అయినప్పుడు ఆ బయటి జీవితం ఎవరిదన్న ప్రశ్న మిగిలే ఉంది. కొల్లేటి ప్రాంతపు వాడుకలోని ఒక్క మాట ఆధారంగా దీనిని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ఆ మాట 'కాంటూరు'. భూగోళశాస్త్రంలో అది సమానమైన ఎత్తుగల స్థలాలను కలిపే రేఖ. కొల్లేటి లంకల్లో అది బతుకుతెరువుకు హద్దు. 1999లో అయిదో కాంటూరు వరకు సరస్సును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. 2006లో అభయారణ్య పరిధిలోని చేపల చెరువుల గట్లను తెగగొట్టారు. 2008లో ఆ పరిధిని మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. ఈ క్రమంలో సాంకేతికపదం ఇంటిమాట అయింది. లంకలోని పిల్లవాడు ఇంట్లో విన్న మాటే బడిలో పటం మీది గీతగా ఎదురవుతుంది. ఈ రెండు అర్థాలనూ కలిపే పాఠం ఎక్కడ ఉండాలి?

భూగోళం రేఖను, పౌరశాస్త్రం చట్టాన్ని, జీవశాస్త్రం పక్షులను బోధిస్తాయి. ఆ రేఖను గురించి మనుషులు చేసే వాదాలను విని, వాటి భాషను తూచగల నేర్పు తెలుగు తరగతిలో అలవడాలి. అక్కినేని కుటుంబరావు నవల 'కొల్లేటి జాడలు' అందుకు తగిన సాహిత్యాధారం. అయితే నవలాభాగాన్ని వాచకంలో చేర్చినంతమాత్రాన పని తీరదు. అభ్యాసాలు సారాంశంతోనే ఆగిపోతే కొల్లేరు సైతం మరో కంఠస్థ విషయమవుతుంది.

స్థానికతకు పెద్దపీట వేస్తే పిల్లల చూపు తమ ఊరు దాటదన్న ఆక్షేపణ ఉంది. అది తోసివేయదగినది కాదు. ఏలూరుకు ఎంతో దూరం కాని తాడేపల్లిగూడెంలోనే పిల్లలకు కాంటూరు కంటే ఉల్లిపాయల టోకు మార్కెట్టు మాటలు దగ్గర. కనుక ప్రణాళిక నిర్ణయించవలసింది సామర్థ్యాన్ని. సామగ్రిని ఊరు సమకూరుస్తుంది. ఒక మాటకు వ్యవహారంలో, శాస్త్రంలో, చట్టంలో ఉన్న అర్థాలను పోల్చి రాయడం అటువంటి సామర్థ్యం. లంక పిల్లలు రాసినదాన్ని గూడెం పిల్లలు, గూడెం పిల్లలు రాసినదాన్ని లంక పిల్లలు చదివితే పై ఆక్షేపణకు సమాధానం దొరుకుతుంది.

2011 తరువాతి సంస్కరణల్లో నిర్మాణాత్మక మూల్యాంకనం ప్రాజెక్టు పనికి చోటిచ్చింది. కాని పబ్లిక్ పరీక్షలో లెక్కకురాని పనికి బడిలో వ్యవధి దొరకడం కష్టం. స్థానికతను ఉపాధ్యాయుని ఉత్సాహానికి వదిలివేయక, ప్రశ్నపత్ర నిర్మాణంలోనే దానికి చోటు కల్పించాలి. లేనిపక్షంలో పరిధి పత్రంలోని ఆశయం తరగతిగదికి చేరదు.