ముడి వేసే పాట

పాతబస్తీలో ఒక దర్గా ఉర్సు. గంధం ఊరేగింపు వచ్చి వెళ్లిపోయింది. ఊదు పొగ, నలిగిన గులాబీ రేకులు, పక్క సందులోంచి కబాబుల వాసన. ఖవ్వాలీ పాడే ఖవ్వాల్ ఏదో ఫారసీ పాదం ఎత్తుకున్నాడు. మూడో వరుసలో తెల్లగడ్డం పెద్దాయన తల ఊపడం మొదలుపెట్టారు. ఖవ్వాల్ చూపు ఆయన మీద పడింది. ఇక పాట ముందుకు సాగలేదు. అదే పాదం పదిసార్లు, ఇరవైసార్లు... తర్వాత నాకు లెక్క తప్పింది. పెద్దాయన లేచి, జేబులోంచి నోటు తీసి, ముందు కూర్చున్న పీర్‌ సాహెబ్ చేతికి తాకించారు. అది హార్మోనియం దగ్గరికి చేరింది. ఆయన మళ్లీ కూర్చుని కళ్లు తుడుచుకున్నాకే ఖవ్వాల్ రెండో పాదానికి వెళ్లాడు.

నాకు ఫారసీ ముక్క రాదు. అయినా ఆ రాత్రి ఒకటి అర్థమైంది: ఈ పాట ఎంతసేపు సాగాలో పాడేవాడు ఇంటి దగ్గర నిర్ణయించుకుని రాడు.

అలా తిప్పి తిప్పి పాడడాన్ని తక్రార్ అంటారు. వినేవాడు పరవశంలో, అంటే ‘హాల్’లో ఉండగా పాదం మార్చడం తప్పు. 1235లో ఢిల్లీలో కుతుబుద్దీన్ బఖ్తియార్ కాకీ ఒక ఫారసీ ద్విపద వింటూ పరవశుడై, నాలుగు రోజుల తర్వాత ఆ స్థితిలోనే కన్నుమూశారని సూఫీలు చెప్పుకుంటారు. ఆ కథ తెలిసిన ఖవ్వాల్ గొంతుతో పాటు కళ్లనూ పనిలో పెట్టి పాడతాడు.

తక్రార్ కంటే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ‘గిరహ్’. ఆ మాటకు ముడి అని అర్థం. సూఫీ కవి అమీర్ ఖుస్రో పాట ఒకటి నడుస్తుంటుంది. నడుమ గాయకుడు తాళం వదిలేసి మరో కవి ద్విపద అందుకుంటాడు. అది ఉర్దూ కావచ్చు, ఫారసీ కావచ్చు, వ్రజభాష కావచ్చు. వినేవాళ్లు ఇదెక్కడికి పోతోందని చూస్తుండగానే చివరి మాట సరిగ్గా పాత పల్లవి అంచుకు తగులుతుంది, ఢోలక్ దెబ్బ పడుతుంది, సభ ఒక్కసారి ‘వాహ్’ అంటుంది. మన సమస్యాపూరణం లాంటిదే. ఆఖరి పాదం ముందే అందరికీ తెలుసు, అక్కడికి ఏ దారిన చేరతాడన్నదే వేడుక. తేడా ఏమిటంటే అవధాని పద్యం అప్పటికప్పుడు అల్లుతాడు. ఖవ్వాల్ వందల ద్విపదలు నోటికి పెట్టుకుని, ఎదురుగా ఉన్న ముఖాన్ని బట్టి ఒకటి బయటికి తీస్తాడు.

హైదరాబాద్‌లో ఈ విద్య పేరెత్తితే పెద్దతరం ముందు తలచుకునేది అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీని. ఢిల్లీ ‘ఖవ్వాల్ బచ్చే’ ఘరానా ఆయనది. ఆయన పూర్వికుడు తాన్‌రస్ ఖాన్ బహదూర్ షా జఫర్ కొలువు గాయకుడు. 1857 తిరుగుబాటు తర్వాత ఢిల్లీ చెదిరిపోయింది, ఆయన చివరికి నిజాం రాజ్యానికి చేరారు. పంజాబులో పటియాలా ఘరానాకు పేరు తెచ్చిన అలీబక్ష్, ఫతే అలీ జంట, ‘ఆలియా–ఫత్తూ’, ఈ తాన్‌రస్ దగ్గర నేర్చుకున్నవారే. ఆ పటియాలా బాణీలో శిఖరమైన బడే గులాం అలీ ఖాన్ 1968లో కన్నుమూసింది మళ్లీ మన బషీర్‌బాగ్‌లోనే. ఖవ్వాలీ వేరు, శాస్త్రీయ సంగీతం వేరు అని గిరిగీసేవాళ్లు ఈ రాకపోకలు ఒకసారి చూడాలి.

అజీజ్ వార్సీ పాటలో ఆ శాస్త్రీయ ఖయాల్ శిక్షణ దాగదు. మాటల నడుమ సర్గమ్ పరుగులు, రాగం చట్రం చెడకుండా గొంతు పైకి ఎక్కే తీరు, ఫారసీ ఉచ్చారణ మీద శ్రద్ధ. ఖుస్రో రచనలకు ఆయన పెట్టింది పేరు.

అయితే ఆయన తరానికి కాలం కలిసిరాలేదు. 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగింది, మరుసటి ఏడాది జాగీర్లు రద్దయ్యాయి. నవాబుల దేవిడీల్లో మెహఫిళ్లు పెట్టించే చేతులే ఖాళీ అయ్యాయి. దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. దర్గా ముంగిట రాత్రంతా పాడేవాడు ఇప్పుడు మైకు ముందు గడియారం చూసుకుంటూ పాడాలి. తల ఊపే పెద్దాయన అక్కడ ఉండడు. మరి తక్రార్ ఎవరి కోసం?

అటు సినిమా కూడా ఖవ్వాలీని అందుకుంది. 1958లో ‘అల్ హిలాల్’తో ఇస్మాయిల్ ఆజాద్ దేశమంతా మోగారు. 1960 నాటి ‘బర్సాత్ కీ రాత్’లో కథానాయకుడి పేరే అమన్ హైదరాబాదీ, అందులోని పోటీ ఖవ్వాలీలు ఇప్పటికీ పాతబడలేదు. నాకూ అవి ఇష్టమే. కానీ వాటిలో ముడులన్నీ ముందే వేసి ఉంటాయి. పేక ముక్కలు పేర్చి పెట్టుకుని ఆడిన ఆటలా అనిపిస్తుంది. అజీజ్ వార్సీ రికార్డులకూ ఈ ఇబ్బంది కొంత ఉంది, అయినా ఎదురుగా ఎవరో కూర్చున్నట్టే పాడతారాయన. ప్రభుత్వం 1971లో పద్మశ్రీ ఇచ్చింది.

రికార్డులో సరిగా వినిపించనిది ఇంకొకటి ఉంది: చప్పట్లు. ముందు వరుసలో ప్రధాన గాయకులు, హార్మోనియం. వెనక వరుసలో వంత పాడేవాళ్లు, వాళ్లలో మీసం మొలవని కుర్రాళ్లు కూడా. మాటలు లేకుండా హార్మోనియం మీద ‘నగ్మా’ మొదలవుతుంది. జనం సర్దుకుని కూర్చోవడానికే అదని పైకి అనిపిస్తుంది. ఢోలక్ ఎనిమిది మాత్రల కహర్వాలోకి దిగగానే వెనక వరుస చేతులు కలుస్తాయి. ఆ రాత్రి నా దగ్గరే కూర్చున్న కుర్రాడి అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. చప్పట్లలో ఒక్కటి కూడా జారలేదు.

ఇప్పుడు అజీజ్ వార్సీ మనవలు నజీర్, నసీర్ ‘వార్సీ బ్రదర్స్’ పేరుతో పాడుతున్నారు. 2014కు సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు. చౌమహల్లా ప్యాలెస్ లాంటి చోట వరుస కుర్చీల్లో కూర్చున్న మనలాంటివాళ్లకు ఉర్దూయే సగం అందదు, ఫారసీ సంగతి చెప్పక్కర్లేదు. మరి ముఖం చూసి ముడి వేసే విద్య ఇక్కడేం చేస్తుంది? వేదిక మీది దీపాల వెలుగులో పాడేవాళ్లకు ముందు రెండు వరుసలకు మించి కనపడదు కూడా. అలాంటి సభలో ఒకసారి పాదం మధ్యలో నా వెనక ఎవరో ‘ఆహా’ అన్నారు, అచ్చ తెలుగులో. గాయకుడు చీకట్లోకి కళ్లు చికిలించి, చెయ్యి చాచి, ఆ పాదాన్ని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.